కాలేజీలో అత్యవసర హెచ్చరికకు ఏ పద్ధతి మంచిది?

అందరికీ నమస్కారం. మాది విశాఖలో ఇంజినీరింగ్ కాలేజీ, నేను సేఫ్టీ కమిటీలో ఉన్నాను. తుఫాను సెలవైనా, ల్యాబులో మంటలైనా ఇప్పుడు కబురంతా వాట్సాప్ గ్రూపులోనే. ఫోన్ సైలెంట్‌లో పెట్టి పడుకున్న హాస్టల్ పిల్లలకు ఎలా తెలుస్తుంది? 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫానుకి కరెంటుతో పాటు సెల్ సిగ్నళ్లూ పోయాయి. 2020 మే 7న ఇక్కడి ఎల్‌జీ పాలిమర్స్ ఫ్యాక్టరీలో స్టైరీన్ అనే విషవాయువు లీకైంది తెల్లవారుజామున, జనం మంచి నిద్రలో ఉండగా. అందుకే బ్యాటరీతో నడిచే సైరన్, ప్రతి అంతస్తులో స్పీకర్లు పెట్టిద్దామనుకుంటున్నాం.

మీ దగ్గర ఇలాంటి సైరన్లు ఉంటే చెప్పండి. సముద్రపు గాలికి హారన్లు తుప్పు పట్టకుండా ఏం చేస్తున్నారు? "బయటికి రండి", "తలుపులు మూసుకుని లోపలే ఉండండి" అనే తేడా మోతలోనే తెలిసేలా ఎలా పెట్టారు? గ్యాస్ లీకైనప్పుడు అందరూ గ్రౌండ్‌లోకి పరుగెత్తితే ప్రాణాలకే ముప్పు కదా. రాత్రిపూట స్విచ్ నొక్కే బాధ్యత వార్డెన్‌దా, వాచ్‌మన్‌దా?