గ్రీన్ కరెంటుకు యూనిట్‌కి 66 పైసలు ఎక్కువంటే కడతారా?

మియాపూర్_మూడో_అంతస్తు

ఆదివారం మా అపార్ట్‌మెంట్ మీటింగ్‌లో రెండు గంటలు ఇదే గొడవ. తేలక ఇక్కడ పెడుతున్నాను.

మావి 24 ఫ్లాట్లు, టెర్రస్ ఒకటే. వాటర్ ట్యాంకులు, డిష్‌లు పోగా మిగిలిన చోటు లిఫ్టుకీ, మోటారుకీ సరిపడా ప్యానెళ్లకే చాలుతుంది. నాలాంటి ఫ్లాట్ వాడికి సొంత సోలార్ కుదరదు. మరి బొగ్గు కరెంటు వద్దనుకుంటే దారేది? మహారాష్ట్రలో విద్యుత్ నియంత్రణ కమిషన్ 2021లో ఒక పద్ధతి తెచ్చింది. మామూలు చార్జీ మీద, అప్పుడు పెట్టిన రేటు ప్రకారం, యూనిట్‌కి 66 పైసలు అదనంగా కడితే, మనం వాడినంత కరెంటూ సోలార్, గాలి వంటి వాటి నుంచి కొన్నట్టు లెక్క చూపిస్తారు. ఇష్టమైన వాళ్లే చేరొచ్చు.

మా ఇంట్లో నెలకు 300 యూనిట్లు అవుతుంది. ఆ లెక్కన 198 రూపాయలు. నేను కడతానన్నాను. "నువ్వు కడితే రేపు అందరి నెత్తినా రుద్దుతారు" అని ఎదురింటి అంకుల్ గట్టిగా అన్నారు. మన డిస్కం (కరెంటు పంపిణీ సంస్థ) వాళ్లు ఇంటికొచ్చి ఇలా అడిగితే మీరేమంటారు?

నరసరావుపేట_గృహిణి

నేనైతే కట్టనండి.

మా దగ్గర స్లాబ్ ఇలా ఉంటుంది. 126 నుంచి 225 యూనిట్ల వరకు ఆరు రూపాయలు, ఆ పైన 400 దాకా ఒక్కో యూనిట్ 8.75. మే నెలలో రోజూ పొద్దున్నే మెట్ల కింద మీటర్ దగ్గరికెళ్లి, ఫోన్ లైటు వేసి అంకెలు చూసి క్యాలెండర్ మీద రాసుకుంటాను. 220కి చేరిందంటే ఆ రాత్రి నుంచి ఏసీ బంద్, పిల్లలు హాల్లో ఫ్యాన్ కింద పడుకోవాల్సిందే. రీడింగ్ తీసే అబ్బాయి రెండు రోజులు ఆలస్యం చేస్తే నాకు టెన్షన్. దాని కింద ట్రూఅప్ అని, ఇంధన సర్దుబాటు అని ఇంకో రెండు లైన్లు. ఎప్పుడో వాడేసిన కరెంటుకి ఇప్పుడు కట్టడం. ఇవి చాలక నా చేత్తో నేనే ఇంకో లైను రాయించుకోవాలా?

పైగా సోలార్ చౌక అని మీరే అంటారు. 2017లోనే రాజస్థాన్ భడ్లా టెండర్‌లో యూనిట్ 2.44కి వచ్చింది కదా. చౌకగా దొరికేదానికి ఎక్కువ కట్టమనడం ఏ న్యాయం? కరెంటు చార్జీల కోసం 2000 ఆగస్టు 28న బషీర్‌బాగ్‌లో ప్రాణాలు పోయిన రాష్ట్రం మనది. ఇష్టం ఉంటేనే అన్నంత మాత్రాన దాన్ని తేలిగ్గా తీసుకోలేం.

రిటైర్డ్_ఏడీఈ

అమ్మా, మీ ప్రశ్న సరైనదే. ముప్ఫై ఏళ్లు సబ్‌స్టేషన్లలో పనిచేసినవాడిగా చెప్తాను. 2.44 అనేది ఎండ ఉన్నప్పుడు, ప్లాంటు గేటు దగ్గర ధర. మీరు ఏసీ వేసేది రాత్రి పదింటికి. సాయంత్రం ఆరు దాటగానే ఊళ్లో ప్రతి ఇంట్లో లైట్లు, టీవీలు, మోటార్లు ఒకేసారి ఆన్ అవుతాయి, సరిగ్గా అప్పుడే సోలార్ సున్నాకి పడిపోతుంది. ఆ ఖాళీని బొగ్గుతో నడిచే థర్మల్ ప్లాంట్లు నింపాలి, లేదా దాచిపెట్టిన కరెంటు ఉండాలి. పగటి సోలార్‌తో నీళ్లు పైకి తోడి రాత్రి కిందికి వదిలే ప్రాజెక్టు పిన్నాపురంలో చేపట్టారు చూడండి, అది అందుకే. బ్యాటరీలూ అందుకే. ఖర్చంతా అక్కడుంది.

ఇక మియాపూర్ బాబుకి ఒక మాట. మీ 198 రూపాయల వల్ల దేశంలో ఒక్క ప్యానెల్ అదనంగా వస్తుందా అన్నది అడగండి. డిస్కంలు తాము కొనే కరెంటులో కొంత శాతం తప్పనిసరిగా పునరుత్పాదక కరెంటు కొనాలని ఆర్‌పీఓ అనే నిబంధన ఉంది. కేంద్రం 2022లో తెచ్చిన గ్రీన్ ఎనర్జీ రూల్స్ ప్రకారం వినియోగదారులు తమ బాధ్యతకు మించి కొన్న గ్రీన్ కరెంటును డిస్కం ఆ ఆర్‌పీఓ ఖాతాలో జమ చేసుకోవచ్చు. అంటే ఎలాగూ కొనాల్సినదాన్నే మీ డబ్బుతో కొన్నట్టు అవుతుంది. నాకున్న అభ్యంతరం అదొక్కటే. డబ్బు ఇవ్వొద్దని నేను అనను. ఆ డబ్బు దేనికి పోతుందో రాతపూర్వకంగా చెప్పించుకోకుండా ఇవ్వొద్దంటాను.

మియాపూర్_మూడో_అంతస్తు

సార్, ఈ ఆర్‌పీఓ సంగతి నాకు నిజంగా తెలియదు. మీటింగ్‌లో ఎవరూ ఎత్తలేదు కూడా.

స్టుట్‌గార్ట్_తెలుగు

పదకొండేళ్లుగా ఇక్కడ ఉంటున్నాను కాబట్టి మా అనుభవం చెప్తాను. జర్మనీలో 2000లో చట్టం చేసి, సోలార్, గాలి కరెంటు ఖర్చును ఇళ్ల బిల్లుల మీద వేశారు. అది ఇష్టంతో పనిలేని వసూలు. 2017లో యూనిట్‌కి 6.88 సెంట్లకు చేరింది. ఏడాదికి 3,500 యూనిట్లు వాడే ఇంటికి దాదాపు 240 యూరోలు. కరెంటు బాగా వాడే పెద్ద పరిశ్రమలకు అందులో చాలా వరకు మినహాయింపు ఇచ్చారు. మా మేడ కింద బ్రెడ్ షాపు ఆవిడ మాత్రం పూర్తిగా కట్టేది, ఆ మాట ఎత్తితే ఇప్పటికీ ఆమెకు కోపం వస్తుంది. చివరికి 2022 జులైలో ఆ సర్‌చార్జ్ ఎత్తేసి ఖర్చును ప్రభుత్వ ఖజానాకి మార్చారు.

కానీ ఇంకో వైపు కూడా చూడాలి. ఇక్కడి ఇళ్లు అన్నేళ్లు కట్టిన డబ్బుతోనే ప్యానెళ్లకు పెద్ద మార్కెట్ ఏర్పడింది, ధరలు పడ్డాయి. నరసరావుపేట అక్క చెప్పిన 2.44 వెనక ఈ బ్రెడ్ షాపు ఆవిడ డబ్బు కూడా ఉంది.

అంకుల్ గారి భయం మీద కూడా ఒకటి చెప్పాలి. దాదాపు 42 వేల జర్మన్ ఇళ్లతో చేసిన ఒక ప్రయోగం ఫలితాలు 2015లో వచ్చాయి. కొత్త కనెక్షన్ ఫారంలో గ్రీన్ కరెంటుకు ముందే టిక్ పెట్టి, వద్దనుకుంటే తీసేయండి అంటే 69 శాతం మంది అలాగే ఉంచారు. ఖాళీగా వదిలి, కావాలంటే పెట్టుకోండి అంటే పెట్టింది 7 శాతమే. అదే ధర, అలాంటి జనమే. అందుకే "జనం కడతారా" అన్న ప్రశ్నకు జవాబు జనంలో కన్నా ఫారంలోనే ఎక్కువ ఉందని నాకనిపిస్తుంది. టిక్ ఎవరు పెడుతున్నారో జాగ్రత్తగా చూసుకోండి.

గుంటూరు_డాబా

మేం కట్టాం, కానీ వేరే రకంగా. పీఎం సూర్యఘర్‌లో 3 కిలోవాట్లు పెట్టించాం. లక్షా తొంభై వేలు అయింది, 78 వేలు సబ్సిడీ వచ్చింది. మిగతాది మా ఆవిడ చీటీ డబ్బు. పెట్టాక నెట్ మీటర్ (మనం లైనులోకి పంపిన కరెంటును కూడా లెక్కేసే మీటర్) కోసం నాలుగు నెలలు ఆఫీసు చుట్టూ తిరిగాను. అన్నాళ్లూ పైన ఎండ కాస్తున్నా బిల్లు మాత్రం తగ్గలేదు.

డాబా మీద మా అమ్మ వడియాలు పెట్టుకునే చోటు పోయింది. ప్యానెళ్ల నీడలో ఎండవని మొదట్లో బాధపడింది. ఇప్పుడు తెల్లవారగానే తనే బకెట్, తుడిచే కర్ర పట్టుకుని ప్యానెళ్ల మీద దుమ్ము కడుగుతుంది. ఫోన్‌లో ఈ రోజు ఎన్ని యూనిట్లు వచ్చాయో నన్ను అడిగి తెలుసుకుంటుంది. మా ఇంట్లో ఎవరూ భూగోళాన్ని కాపాడదామని ఇది పెట్టించలేదు, బిల్లు కోసమే పెట్టించాం. కళ్ల ముందు కనిపిస్తే మనిషి లక్ష రూపాయలైనా తీస్తాడు. కనిపించకపోతే 66 పైసలకు కూడా చెయ్యి రాదు.

కర్నూలు_బిడ్డ

అన్నా, కనిపించడం గురించి మమ్మల్నడగండి. ఓర్వకల్లు పక్కన గని, శకునాల దగ్గర 1,000 మెగావాట్ల సోలార్ పార్కు. దాదాపు ఆరు వేల ఎకరాలు. బస్సులో పోతుంటే నల్ల చెరువు మాదిరి మెరుస్తా ఉంటుంది. గొర్రెలు మేసిన నేల అది. ఆ కంచె ఇవతల మా పెద్దమ్మ ఇంట్లో ఎండాకాలం సాయంత్రాలు కరెంటు పోతే విసనకర్రే గతి. హైదరాబాద్ ఫ్లాట్‌లో ఉన్నాయన గ్రీన్ కరెంటుకి 198 కడతానంటే మంచిదే. అందులో పది రూపాయలైనా మా ఊరి లైను బాగు చేయడానికి, బడికి వస్తుందా? రాదంటే నేను నరసరావుపేట అక్క పక్షం.

మియాపూర్_మూడో_అంతస్తు

అందరివీ రెండు మూడు సార్లు చదివాను. ఒక్కటి మాత్రం ఒప్పుకోలేకపోతున్నాను, మనవాళ్లు ఇష్టంతో ఇవ్వరన్న మాట. 2015లో గ్యాస్ సబ్సిడీ వదులుకోమంటే ఏడాది తిరిగేసరికి కోటి మంది వదులుకున్నారు. మా నాన్న కూడా. ఎందుకు వదిలావని అడిగితే, "నా డబ్బుతో ఇంకో ఇంట్లో పొయ్యి మారుతుందన్నారు కదరా" అన్నారు. ఎవరికి పోతుందో తెలిసింది కాబట్టి ఇచ్చారు.

నరసరావుపేట_గృహిణి

మేమూ వదిలాం బాబూ, 2016లో. అలా చెప్పి అడిగితే ఆలోచిస్తాను. నా పైసలతో ఏ ఊళ్లో బ్యాటరీ పెట్టారో బిల్లు మీద తెలుగులో రాయాలి. 225 యూనిట్లు దాటని వాళ్లని అసలు అడగకూడదు. 400 పైన వాడే వాళ్లతో మొదలుపెట్టమనండి. అప్పటికీ నేను ఎండాకాలం నెలల్లో కట్టలేను. చలికాలంలో కడతాను.

రిటైర్డ్_ఏడీఈ

ఈ మాటలన్నీ ఇక్కడ రాసుకుంటే ఎవరూ చదవరు. ఏటా చార్జీలు ఖరారు చేసే ముందు కమిషన్ బహిరంగ విచారణ పెడుతుంది, మామూలు వినియోగదారుడు కూడా అభ్యంతరం రాసి పంపొచ్చు, వెళ్లి మాట్లాడొచ్చు. నా సర్వీసులో ఆ హాళ్లలో ఎక్కువగా పరిశ్రమల లాయర్లు, రైతు సంఘాల వాళ్లే కనిపించారు. ఇళ్ల తరఫున వచ్చింది చాలా తక్కువ. కాగితం రాయండి, నేను సరిచేసి పెడతాను.

మియాపూర్_మూడో_అంతస్తు

రాశాను సార్, మీకు మెసేజ్‌లో పంపాను. మూడు విషయాలే అడిగాం. అదనంగా కట్టిన ప్రతి పైసా ఆర్‌పీఓ లెక్కకు బయట ఉండాలి, ఎక్కడ ఖర్చయిందో బిల్లు మీద ఊరి పేరుతో రావాలి, ప్లాంటు పక్క ఊళ్లకు అందులో వాటా ఉండాలి. నిన్న రాత్రి లిఫ్టు దగ్గర అంకుల్‌కి చూపించాను. కళ్లజోడు పెట్టుకుని రెండు పేజీలూ చదివి, సంతకం పెడతానన్నారు. అయితే "ఇష్టమున్న వాళ్లకు మాత్రమే" అన్న మాట మొదటి లైన్లో ఉండాలని, ఫారంలో టిక్ ఖాళీగా ఉండాలని కూడా రాయమన్నారు. రెండూ చేర్చాను.