కోఆర్క్టేషన్ ఆపరేషన్ అయిన బాబుకి ఆర్చ్ 'గోథిక్' అన్నారు. గుండెకి ఇబ్బందా?

గాజువాక అమ్మ:
అందరికీ నమస్కారం. మా బాబుకి పద్నాలుగేళ్లు. పుట్టిన కొత్తలోనే బృహద్ధమని (గుండె నుంచి ఒంటికి రక్తం మోసే పెద్ద నాళం) ఒకచోట బాగా ఇరుకైపోయిందని, దాన్నే కోఆర్క్టేషన్ అంటారని, ఎడమ పక్కటెముకల మధ్య నుంచి ఆపరేషన్ చేసి, ఇరుకు ముక్క తీసేసి రెండు కొసలూ కలిపి కుట్టారు. వీపు మీద మచ్చ చూస్తే తప్ప వాడికి గుండె జబ్బు ఉండేదంటే ఎవరూ నమ్మరు.

మొన్న ఎంఆర్ఐ తీయించాం. ఇరుకు మళ్లీ రాలేదట. కానీ ఆర్చ్, అంటే బృహద్ధమని పైన తిరిగే వంపు, గోథిక్ ఆకారంలో ఉందని, ఎడమ జఠరిక (ఒంటికి రక్తం తోసే గుండె గది) గోడ కాస్త మందంగా ఉందని రాశారు. ఈఎఫ్ (గుండె కొట్టిన ప్రతిసారీ జఠరిక బయటికి తోసే రక్తం శాతం) 64, అది నార్మలే అన్నారు. 24 గంటల బీపీ రికార్డింగ్ చేయించమన్నారు. బయట జనం నిలబడి ఉన్నారు, ఇంకేం అడగలేకపోయాను. అడ్డు లేనప్పుడు గోడ ఎందుకు మందమవుతుంది?

ఇంకొకటి. ఈ ఆషాఢ పౌర్ణమికి స్నేహితులతో సింహాచలం గిరి ప్రదక్షిణకి వెళ్తానని వాడు పట్టుబట్టాడు. 32 కిలోమీటర్లు. వాళ్ల నాన్న వద్దే వద్దంటున్నారు. నాకు ఒకటే టెన్షన్.

ఎకో గది:
అమ్మా, నేను పిల్లల ఎకోలు, అంటే గుండె స్కాన్లు, తీసే టెక్నీషియన్ని. మందులు, అనుమతుల సంగతి మీ డాక్టరుగారే చెప్పాలి, ఆకారం గురించి నేను చెప్తాను.

మామూలుగా ఆర్చ్ గొడుగు పిడిలా గుండ్రంగా తిరుగుతుంది. గోథిక్ అంటే పైన మొనదేలి, ఒక్కసారిగా మలుపు తీసుకుని కిందికి దిగుతుంది. గుండె కొట్టిన ప్రతిసారీ రక్తం తోపు అలలా వెళ్తుంది కదా, మలుపు గట్టిగా ఉన్నచోట ఆ అల కొంత వెనక్కి తిరుగుతుంది. పైగా ఈ పిల్లల్లో ఆపరేషన్ ఎంత బాగా జరిగినా బృహద్ధమని గోడ సాగేగుణం తక్కువగానే ఉంటుంది. అంటే అడ్డు లేకపోయినా జఠరికకి పని ఎక్కువే. ఏళ్ల తరబడి ఆ బరువు మోస్తే కండరం మందమవుతుంది. గోథిక్ ఆర్చ్ ఉన్నవాళ్లలో బీపీ ఎక్కువగా కనిపిస్తోందని 2004లో పారిస్ డాక్టర్లు రాశారు. తర్వాత వచ్చిన పరిశీలనలన్నీ ఒకే మాట చెప్పలేదు, కాబట్టి ఆకారం పేరు చూసి బెంగపడకండి. బీపీని మాత్రం వదలకండి.

ఈఎఫ్ ఒక్కటే చూసి సరిపెట్టుకోవద్దు. పంపింగ్ బాగున్నా గుండె వదులయ్యే తీరు, స్ట్రెయిన్ (కండరం ఎంత ముడుచుకుంటోందన్న కొలత) ముందే మారొచ్చు. ఈసారి ఎకోలో స్ట్రెయిన్ కూడా చూడమని అడగండి. బృహద్ధమని కవాటానికి రెక్కలు రెండా మూడా అన్నదీ అడగండి. కోఆర్క్టేషన్ ఉన్నవాళ్లలో చాలామందికి రెండే ఉంటాయి. అలా ఉంటే పైకెళ్లే బృహద్ధమని వెడల్పు కూడా ఎప్పటికప్పుడు కొలవాలి.

సాగరతీరం:
అక్కా, నాకూ పసితనంలోనే ఇదే ఆపరేషన్. నాది వేరే పద్ధతి, ఎడమ చేతికి వెళ్లే ధమనినే మడిచి ఇరుకు మీద అతుకు వేశారు. అందుకే నా ఎడమ మణికట్టులో నాడి సరిగా దొరకదు. మా ఆఫీసు క్యాంపులో ఎడమ చేతికి పట్టీ చుట్టి బీపీ పై అంకె 108 చూసి, భేష్ అన్నారు. కుడి చేతికి చుట్టమని నేనే అడిగితే 152 వచ్చింది! అందుకని చెప్తున్నాను, బాబుకి బీపీ ఎక్కడ చూసినా కుడి చేతికే చూడమనండి. పట్టీ వాడి చేతి సైజుకి సరిపోవాలి. అప్పుడప్పుడు కాలికీ చూడమనండి. చేతిలో కంటే కాలిలో 20 గానీ అంతకుమించి గానీ తక్కువ వస్తే ఇరుకు తిరిగి వచ్చిందేమో చూస్తారు.

నేను బీపీ మాత్ర వేసుకుంటూనే రోజూ బీచ్ రోడ్డు మీద నడుస్తాను. నాకు వద్దన్నది ఊపిరి బిగబట్టి పెద్ద బరువులెత్తడం. బాబుని జిమ్‌లో చేర్చే ముందు ఈ మాట గుర్తుపెట్టుకోండి. ప్రదక్షిణ సంగతి ట్రెడ్‌మిల్ పరీక్ష అయ్యాక అడగండి. కూర్చున్నప్పుడు మామూలుగా ఉండే బీపీ పరుగులో ఎగబాకడం మన బాపతు వాళ్లలో ఉన్నదే.

గాజువాక అమ్మ:
ఇద్దరికీ చాలా థాంక్స్ అండి. పాత డిశ్చార్జ్ కాగితం తీసి చూశాను, కవాటానికి రెండు రెక్కలే అని అందులో ఉంది. ఇవాళ ఫోన్ చేసి ట్రెడ్‌మిల్ కూడా రాయించుకున్నాం. వాళ్ల నాన్న ఒక మెట్టు దిగారు. డాక్టరుగారు సరేనంటే ప్రదక్షిణ మొదలయ్యే తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి, దారిలో వచ్చే హనుమంతవాక వరకు తనే పక్కన నడుస్తారట, అక్కడి నుంచి బండి మీద ఇంటికి. వాడు మాత్రం మొత్తం నడుస్తాననే అంటున్నాడు. రిపోర్టు రాగానే కుడి చేతి అంకెలు ఇక్కడే పెడతాను.