ఎండాకాలంల కాఫీ తాగొచ్చా?

ప్రశ్న (హన్మకొండ): రోజుకు మూడు కాఫీలు తాగితే ఒంట్లె నీళ్లు తగ్గుతయా? ఈ ఎండలకు మానెయ్యాల్నా?

జవాబు: మానక్కర్లేదన్నా. అలవాటున్నోళ్లకు కాఫీల నీళ్లు కూడా లెక్కకొస్తయి. ఆరోగ్యంగ ఉన్న పెద్దోళ్లు రోజుకు 400 మిల్లీగ్రాముల కెఫీన్ (కాఫీల ఉండే హుషారిచ్చే పదార్థం) దాటొద్దు, గర్భిణులైతే 200. అసలు చిక్కు చక్కెరతోనే: కప్పుకు రెండు చెంచాలైతే మూడు కప్పులకు 25-30 గ్రాములు.

జవాబు: తిన్నంక గంట ఆగి తాగుండ్రి. వెంటనే తాగితే పప్పు, ఆకుకూరల ఐరన్ ఒంటికి సరిగ పట్టదు. రక్తం తక్కువున్న ఆడవాళ్లు ఇది తప్పక చూసుకోవాలె. సగం కెఫీన్ పోనీకే దాదాపు ఐదు గంటలు, అందుకే సాయంత్రం కాఫీ నిద్ర చెడగొడ్తది.

జవాబు: మూత్రం ముదురు పసుపుంటే నీళ్లు చాలట్లేదన్నట్టు. చెమట బాగ పడితే ఉప్పేసిన పల్చటి సల్ల తాగాలె. విరేచనాలైతే మాత్రం ఓఆర్‌ఎస్: లీటరు పాకెట్ మొత్తం లీటరు నీళ్లల్లనే కలపాలె. అందాజగ గ్లాసుల ఇంత పోస్తే ఉప్పు, చక్కెర లెక్క తప్పుతది.