వడ్ల మీద జారి పడ్డాను. మీరెక్కడ పడ్డారు, ఆ తర్వాత ఏం మార్చుకున్నారు?

దేవరకొండ_రోడ్డు

అందరికీ నమస్తే. కుడి వైపు కాలర్ బోన్ విరిగి మూడు వారాలుగా ఇంట్లోనే ఉన్నాను. ఎడమ చేత్తో టైప్ చేస్తున్నా, తప్పులుంటే సర్దుకుని చదవండి.

నల్లగొండలో డ్యూటీ అయ్యాక కొండమల్లేపల్లికి రోజూ బండి మీదే వస్తాను. పదేళ్లుగా అదే రోడ్డు. ఏ కల్వర్టు దగ్గర గుంత ఉందో, ఏ ఊరి మొదట్లో కుక్కలు వెంటపడతాయో నాకు తెలుసు. ఆ రోజు రాత్రి ఏడున్నర అయి ఉంటుంది. స్పీడు 60. ఎదురుగా లారీ, లైటు డిమ్ చెయ్యలేదు. ఒకటి రెండు సెకన్లు నాకు ఏమీ కనపడలేదు. లారీ దాటాక చూస్తే నా వైపు సగం రోడ్డు మీద ఆరబోసిన వడ్లు, వాటిని బండ్లు తొక్కకుండా అంచున బండరాళ్లు. రాళ్లు తప్పించబోయి వడ్ల మీదికి ఎక్కాను. భయంతో ముందు బ్రేకు గట్టిగా పట్టాను. బండి కింద నుంచి ఎవరో లాగేసినట్టు పోయింది.

హెల్మెట్ ఉంది, బెల్టు కూడా పెట్టుకున్నాను. హెల్మెట్ కుడి పక్కంతా గీరుకుపోయింది. ఆ గీతలు నా చెంప మీద పడాల్సినవి.

ఇంట్లో అందరూ స్పీడు తగ్గించు అంటున్నారు. నిజమే, కానీ స్పీడు ఒక్కటే కాదని నాకనిపిస్తోంది. మన నల్లగొండ, పాలమూరు రోడ్ల మీద పడి లేచినవాళ్లు ఏం జరిగిందో రాయండి. మళ్లీ బండి ఎక్కేలోపు చదువుకుంటాను.

మిర్యాలగూడ_మెకానిక్

తమ్మీ, తొందరగా కోలుకో. 22 ఏళ్లుగా బండ్లు బాగుచేస్తున్నా. యాసంగి కోతలు, వానాకాలం కోతలు మొదలైతే చాలు, హ్యాండిల్ వంగినవి, ఫుట్‌రెస్టు విరిగినవి షాపు ముందు వరసగా నిలబడతాయి.

వడ్లు, ఇసుక, కంకర, ఏదైనా ఒకటే. టైరుకూ రోడ్డుకూ మధ్య గోళీలు పోసినట్టు. దాని మీద ముందు చక్రం లాక్ అయితే ఇక హ్యాండిల్ నీ మాట వినదు. అట్లాగని రేపటి నుంచి ముందు బ్రేకు పట్టడం మానెయ్యకు. చాలామంది ఒకసారి పడి, ఆ భయంతో వెనక బ్రేకు మీదే బతుకుతారు. మంచి తారు రోడ్డు మీద బండిని ఆపేది ఎక్కువగా ముందు బ్రేకే. వడ్లు కనపడగానే, ఇంకా తారు మీద ఉన్నప్పుడే, రెండు బ్రేకులూ మెల్లగా బిగించి స్పీడు చంపుకోవాలి. వడ్ల మీదికి ఎక్కాక బ్రేకు వదిలెయ్యి, ఎక్సలేటర్ వదిలెయ్యి, హ్యాండిల్ తిప్పకుండా బండిని దొర్లనివ్వు.

2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాటిన కొత్త బండ్లకు ఏబీఎస్, 125, అంతకు తక్కువ వాటికి సీబీఎస్ (ఒక బ్రేకు పడితే రెండు చక్రాలకూ పట్టేది) తప్పనిసరి చేశారు. ఏబీఎస్ ఉంటే చక్రం లాక్ కాదు, హ్యాండిల్ నీ చేతిలో ఉంటుంది. కానీ వడ్ల మీద అది కూడా బండిని తొందరగా ఆపలేదు.

ఇంకోటి, టైరు పక్కన నాలుగు అంకెలు ఉంటాయి, చూసుకో. 2318 అని ఉంటే 2018లో 23వ వారం తయారైందని. గీతలు ఉన్నాయి కదా అని పాత టైరు మీద తిరుగుతారు. రబ్బరు గట్టిపడితే తొలకరి వానకే జారుతుంది.

హాలియా_రైతుబిడ్డ

అన్నా, మీ చెయ్యి తొందరగా నయం కావాలి. మా ఇంటి వడ్లు కూడా రోడ్డు మీదే ఆరబోస్తాం, అందుకే రాయకుండా ఉండలేకపోయాను.

కొనుగోలు సెంటర్లో తేమ 17 శాతం లోపు ఉంటేనే తీసుకుంటారు. మిషన్ కోసిన వడ్లు పచ్చిగా వస్తాయి. ఊరందరిదీ ఒకే వారంలో కోతకొస్తుంది. కల్లం ఉన్నవాళ్లు పదిమంది, లేనివాళ్లు రెండొందల మంది. పొలంలో పరదా పరిస్తే కింది నుంచి తడి పైకి వస్తుంది. తారు రోడ్డు మీద రెండు ఎండలకు ఆరిపోతాయి. మా నాయిన రాత్రి వాటి పక్కనే పడుకుంటాడు. లారీ వస్తే ఆయన ప్రాణం మాత్రం పోదా?

అయినా ఒప్పుకుంటాను, రాళ్లు పెట్టడం తప్పు. మా మేనబావ అలాంటి రాయికే గుద్దుకున్నాడు. దవడ విరిగింది, నెల రోజులు నీళ్ల గంజి తాగాడు. అప్పటి నుంచి మేము రాళ్లు పెట్టడం లేదు. ఖాళీ సంచుల్లో ఊక నింపి పెడుతున్నాం, తగిలినా మనిషికేం కాదు. సాయంత్రం ఆరు కాకముందే వడ్లు రోడ్డు మధ్య నుంచి అంచుకు లాగి కుప్ప చేసి పరదా కప్పుతాం. రెండు చివర్లా రేడియం స్టిక్కర్ అంటించిన డబ్బాలు పెడతాం. మీటరు రేడియం ఎంతో కాదు. ట్రాక్టర్ డబ్బా వెనక కూడా అంటించాం.

జడ్చర్ల_షాపు

నాది 44 హైవే మీద. డివైడర్ మధ్య యూటర్న్ దూరమని రాంగ్ రూట్లో వచ్చిన బండి గుద్దింది. అతను చెప్పింది ఒకటే మాట, "సగం కిలోమీటరే కదా అన్నా". నా మోకాలి చిప్ప పోయింది. నేనూ అంతకుముందు చాలాసార్లు అట్లా వెళ్లినవాణ్నే. ఇప్పుడు రెండు కిలోమీటర్లయినా తిరిగే వస్తాను.

పాలమూరు_లెక్చరర్

జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. పోస్టు పెట్టిన తమ్ముడు స్పీడు 60 అన్నారు కాబట్టి రాస్తున్నాను. 60 స్పీడులో బండి సెకనుకు దాదాపు 17 మీటర్లు పోతుంది. ప్రమాదం కనపడి, చెయ్యి బ్రేకు మీదికి వెళ్లడానికి ఒక సెకను పడుతుంది. బ్రేకు పడ్డాక మంచి రోడ్డు మీద ఇంకో 20, 25 మీటర్లు. మొత్తం 40 మీటర్లు. అదే 80లో అయితే 60 మీటర్లు దాటుతుంది.

నా బండి డిమ్ లైటులో ఎంత దూరం కనపడుతుందో ఒక రాత్రి మా కాలేజీ గ్రౌండులో కొలిచాను. పడి ఉన్న నల్ల రాయి నాకు 35 మీటర్ల దగ్గర కనపడింది. అంటే చీకట్లో 60 స్పీడులో నేను ఆ రాయిని చూసి కూడా గుద్దుతాను. అది లెక్క వేసుకున్న రాత్రి నిద్ర పట్టలేదు. అప్పటి నుంచి చీకటి పడితే ఊళ్ల మధ్య రోడ్ల మీద 45 దాటను. ఎదుటివాడి లైటు కళ్లలో పడితే ఆ లైటు వైపు చూడను, రోడ్డు ఎడమ అంచు గీత చూస్తూ స్పీడు ఇంకా తగ్గిస్తాను.

అచ్చంపేట_బుల్లెట్

శ్రీశైలం నుంచి తిరిగొస్తున్నాం, నేనూ నా దోస్తూ. అమ్రాబాద్ అడవి రోడ్డుకు రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా గేట్లు మూస్తారు కదా. దర్శనం ఆలస్యమైంది. దోమలపెంట గేటు తొమ్మిదిలోపు దాటాలని ఒకటే టెన్షన్. డ్యామ్ దాటాక పైకెక్కే మలుపుల్లో ఒకదాని దగ్గర స్పీడు ఎక్కువైందని తెలిసింది. పిట్టగోడ కనపడింది. దాని వైపే చూస్తూ ఉండిపోయాను. బండి నేరుగా అక్కడికే వెళ్లింది. గోడను రాసుకుంటూ పోయి పడ్డాం. అవతల లోయ. నా చీలమండ విరిగింది, దోస్తుకు చర్మం లేచిపోయింది. గోడ లేకపోతే ఈ పోస్టు ఉండేది కాదు.

తర్వాత ఒక పెద్దాయన దగ్గర బండి నడపడం మళ్లీ మొదటి నుంచి నేర్చుకున్నాను. ఆయన ఖాళీ జాగాలో ఒక ఇటుక పెట్టి, దాన్నే చూస్తూ రమ్మన్నాడు. నాలుగుసార్లలో మూడుసార్లు ఇటుక మీదికే ఎక్కించాను. పక్కనున్న చెట్టు చూస్తూ రమ్మన్నాడు. ఒక్కసారి కూడా తగల్లేదు. కన్ను ఎటుంటే చక్రం అటే. మలుపులో గుంతను కాదు, మలుపు అయిపోయే చోటును చూడాలి. ఇంత చిన్న విషయం 12 ఏళ్లు బండి నడిపిన నాకు ఎవరూ చెప్పలేదు.

ఇక గేటు సంగతి. ఆలస్యమైతే శ్రీశైలంలోనే పడుకుంటున్నాం. సత్రం గదికి అయ్యేది ఆసుపత్రిలో ఒక కట్టుకు కూడా రాదు.

చౌటుప్పల్_అక్క

నేను బండి నడపను. మా ఆయన సంగతి రాస్తాను.

మా ఆయన సర్వీస్ రోడ్డు మీద కుక్క అడ్డం వచ్చి పడ్డాడు. స్పీడు లేదు. లేచాడు, దుమ్ము దులుపుకున్నాడు, హోటల్లో చాయ్ తాగాడు. హెల్మెట్ పెట్టుకున్నాడు కానీ బెల్టు పెట్టలేదు. పడేటప్పుడు అది ఎగిరి అవతల పడిందట. దగ్గర్లో ఉన్న చిన్న ఆసుపత్రిలో మోచేతికి కట్టు కట్టి పంపారు. తల ఎక్కడైనా తగిలిందా అని ఎవరూ అడగలేదు. ఇంటికొచ్చి తలనొప్పి అని పడుకున్నాడు. అలసిపోయాడులే, నిద్రపోనీ అనుకున్నాను. పది గంటలకు వాంతి. భోజనం పడలేదేమో అనుకున్నాను. పదకొండుకు మళ్లీ వాంతి. పిలిస్తే మాట ముద్దముద్దగా వస్తోంది. మా మరిది 108కి ఫోన్ చేశాడు. హైదరాబాద్ తీసుకెళ్తే లోపల రక్తం గడ్డకట్టిందని రాత్రికి రాత్రే ఆపరేషన్ చేశారు. దేవుడి దయ, మనిషి దక్కాడు. ఆరు నెలలు పట్టింది మామూలు మాట రావడానికి.

అందరికీ దండం పెట్టి చెప్తున్నా. తలకు దెబ్బ తగిలినవాళ్లను ఆ రాత్రి ఒంటరిగా వదలకండి. మళ్లీ మళ్లీ వాంతి, పెరిగే తలనొప్పి, లేపినా లేవని మత్తు, తడబడే మాట, ఒక కంటిపాప పెద్దదవడం, వీటిలో ఏ ఒక్కటి కనపడినా తెల్లారేదాకా ఆగొద్దు, సీటీ స్కాన్ ఉన్న ఆసుపత్రికి పోవాలి. మగవాళ్లు "నాకేం కాలేదు" అంటారు. ఆ మాట నమ్మకండి.

కల్వకుర్తి_టీచర్

అక్కా, చదువుతుంటే గుండె ఆగినంత పనైంది.

ఆడవాళ్ల కోసం ఒక్క మాట. మా తోటి టీచర్ చున్నీ వెనక చక్రంలో చుట్టుకుని పడిపోయింది. మెడ మీద ఇప్పటికీ మచ్చ ఉంది. చున్నీ కొసలు నడుముకు ముడేసుకోండి. చీర కట్టినా సరే, వెనక కూర్చునేటప్పుడు వీలైతే రెండు వైపులా కాళ్లు వేసి కూర్చోండి. వెనక కూర్చున్నవాళ్లకు కూడా హెల్మెట్ కావాలి.

నార్కట్‌పల్లి_టిఫిన్_సెంటర్

65 హైవే పక్కన మా హోటల్. పదిహేనేళ్లలో ఎంతమందిని లేపామో లెక్క లేదు. తెల్లవారుజామున మూడు, నాలుగు మధ్య ఎక్కువ. రోడ్డు పక్కన ఇండికేటర్ వెయ్యకుండా ఆపిన లారీ, వెనక నుంచి నిద్రమత్తులో వచ్చే బండి. మొన్నటిదాకా మా ముందు కూడా లారీలు ఆగేవి. ఇప్పుడు లోపలికి పెడితేనే చాయ్ ఇస్తామని చెప్పేశాం.

జనం చుట్టూ మూగుతారు, చెయ్యి మాత్రం వెయ్యరు. పోలీసు కేసవుతుందని భయం. 2019లో మోటారు వాహనాల చట్టానికి చేసిన సవరణలో 134ఏ అని ఒక సెక్షన్ ఉంది. మంచి మనసుతో సాయం చేసినవాళ్ల మీద కేసు ఉండదు. పేరు చెప్పమని బలవంతం కూడా చెయ్యకూడదు. నేను చాలాసార్లు ఆసుపత్రి దాకా వెళ్లాను, ఒక్కసారి కూడా స్టేషన్ చుట్టూ తిరగలేదు.

చెయ్యి వేసేవాళ్లకు నేను నేర్చుకున్నది చెప్తా. పడిన మనిషిని చంకల కింద పట్టి లేపి ఆటోలో మడిచి కూర్చోబెట్టొద్దు, మెడ ఎముక, వెన్నెముక సంగతి మనకు తెలియదు. హెల్మెట్ లాగొద్దు. ఊపిరి ఆడకపోతేనో, వాంతి అడ్డం పడితేనో తప్పదు, అప్పుడు ఒకరు మెడ కదలకుండా పట్టుకోవాలి, ఇంకొకరు మెల్లగా తియ్యాలి. నీళ్లు తాగించొద్దు. రక్తం కారుతుంటే శుభ్రమైన బట్టతో గట్టిగా అదిమి పట్టండి. 108 చెయ్యండి. జాతీయ రహదారి మీద అయితే 1033 కూడా పనిచేస్తుంది.

డబ్బుల మాట కూడా చెప్తా. 2025లో కేంద్రం తెచ్చిన పథకంలో, అందులో చేరిన ఆసుపత్రుల్లో, దెబ్బ తగిలిన రోజు నుంచి ఏడు రోజుల దాకా మనిషికి లక్షన్నర వరకు చికిత్స డబ్బు కట్టకుండా చేస్తారు. బండి ఇన్సూరెన్స్‌లో ఓనర్ నడిపేటప్పుడు వర్తించే 15 లక్షల యాక్సిడెంట్ కవర్ ఉందో లేదో కూడా చూసుకోండి. లైసెన్స్ చెల్లుబాటులో ఉండాలి. మా ఊరి పిల్లగాడికి లైసెన్స్ లేదు, ఆ ఇంటికి రూపాయి రాలేదు.

దేవరకొండ_రోడ్డు

అన్నీ రెండుసార్లు చదివాను. అక్క రాసింది చదివాక మా ఆవిడ ఫోన్ తీసుకుని ఆ లక్షణాలన్నీ ఒక కాగితం మీద రాసి ఫ్రిజ్ మీద అంటించింది.

హాలియా తమ్ముడూ, మొదట నేను రాయని మాట ఒకటి ఉంది. ఆ రాత్రి నన్ను లేపింది ఆ వడ్ల రైతే. చీకట్లో ఎక్కడి నుంచి వచ్చాడో తెలియదు, నా పక్కన కూర్చుని "బిడ్డా, బిడ్డా" అంటూ ఏడ్చాడు. 108 వచ్చేదాకా నా చెయ్యి వదల్లేదు. రెండో రోజు ఆసుపత్రికొచ్చి దిండు కింద రెండు వేలు పెట్టబోయాడు, నేను తీసుకోలేదు. అప్పుడు ఆయన మీద కోపం ఉంది నాకు. మీ పోస్టు చదివాక ఊక సంచుల సంగతి చెబుదామని ఫోన్ చేశాను. రాళ్లు మర్నాడే తీసేశాడట.

హెల్మెట్ కొత్తది తెప్పించాను, ఐఎస్ఐ గుర్తు చూసే తీసుకున్నాను. పాతదాని లోపలి థర్మోకోల్ ఒకసారి నలిగితే మళ్లీ పనికిరాదని డాక్టరే చెప్పాడు. టైరు అంకె కూడా చూశాను, 2017ది. మెకానిక్ అన్నా, షాపుకు ఎప్పుడు రమ్మంటారు?

మిర్యాలగూడ_మెకానిక్

చెయ్యి పూర్తిగా పైకి లేచాకే రా తమ్మీ. అప్పటిదాకా బండి ఎవరితోనైనా పంపు, రెండు టైర్లూ, బ్రేకు ప్యాడ్లూ మార్చి పెడతా.