పెద్ద బోరు ప్రాక్టీసుకి తూటాల ఖర్చు: .22తో సరిపెట్టుకోవచ్చా?

బెంజిసర్కిల్_కుర్రాడు
నెలాఖర్లో సెలెక్షన్ ఉంది. నాది .315 పెద్ద బోరు రైఫిల్, ఓపెన్ సైట్ (లెన్సు లేని గురి), 100 మీటర్లు. వారానికి పాతిక రౌండ్లు కాలిస్తే జీతం అక్కడే అయిపోతోంది. రేంజ్‌లో ఒకాయన ‘పెద్దది పక్కన పెట్టు, చిన్న బోరు .22, డ్రై ఫైర్ (తూటా లేకుండా ట్రిగ్గర్ నొక్కడం) చాలు’ అంటారు. ఇంకొకాయన ‘అలా చేస్తే మ్యాచ్ రోజు నీ భుజమే నిన్ను మోసం చేస్తుంది’ అంటారు. ఎవరి మాట వినను? లెక్కతో చెప్పండి, ఉపన్యాసాలొద్దు.

కృష్ణలంక_మాష్టారు
ఆ మొదటి ఆయన్ని నేనే, దాపరికమేం లేదు. మీ పాతికలో సగం జీరోయింగ్‌కే, అంటే గురి పెట్టినచోటే గుండు పడేలా సైట్లు సరిచెయ్యడానికే పోతున్నాయి, ముందు అది ఆపండి.

వెనక మూతలా ఉండే బోల్ట్ తీసేసి రైఫిల్‌ని ఇసక సంచుల మీద పెట్టండి. వెనక నుంచి బ్యారెల్‌లోకి చూస్తూ 25 మీటర్ల దూరంలో ఉన్న టార్గెట్‌ని నట్టనడుమకు తెచ్చుకోండి. రైఫిల్ కదలకుండా తల ఎత్తి సైట్లలోంచి చూడండి. సైట్లు ఎంత పక్కకున్నాయో ఒక్క తూటా కాల్చకుండానే తెలిసిపోతుంది.

తర్వాత 100 మీటర్ల దగ్గర ఐదు రౌండ్లు కాల్చండి. మూడు కాల్చి గ్రూపు (గుండ్లు పడ్డ గుంపు) అనుకోవద్దు, మూడు చుక్కలు ఎప్పుడూ అబద్ధమే చెబుతాయి. ఆ ఐదింటి మధ్య బిందువు 15 సెంటీమీటర్లు కిందకి పడిందనుకోండి. వెనక సైట్ నుంచి ముందు సైట్ దాకా కొలిస్తే 550 మిల్లీమీటర్లు వచ్చిందనుకోండి. 150ని 550తో గుణించి లక్షతో భాగిస్తే 0.825. అంటే ముందు సైట్ ఎత్తు దాదాపు 0.8 మిల్లీమీటర్లు తగ్గాలి. గుండు ఎటు తప్పితే ముందు సైట్ అటే జరగాలని గుర్తుపెట్టుకోండి. ఆ రాపిడి పని మీరు చెయ్యొద్దు, లైసెన్సున్న ఆర్మరర్‌కి (తుపాకులు బాగుచేసేవాడికి) ఇవ్వండి. 0.6 దగ్గర ఆపి మళ్లీ ఐదు కాల్చి చూడమనండి. ఎక్కువ రాస్తే మళ్లీ అతికించలేం. మొత్తం పది రౌండ్లలో తేలే పనికి జనం నలభై తగలేస్తారు.

ఇక గురి, శ్వాస, ట్రిగ్గర్, ఫాలో త్రూ (పేలాక కూడా పట్టు వదలకపోవడం)... ఇవన్నీ .22తోనే. 100 మీటర్ల టార్గెట్‌ని సగానికి తగ్గించి 50 మీటర్ల దగ్గర పెడితే కంటికి అదే సైజు.

గుంటూరు_కారం
సగానికి తగ్గించిన కాగితం కంటికి అదే సైజు, ఒప్పుకుంటా. భుజానికో? మూడున్నర కిలోల .30-06 (అదీ పెద్ద బోరే) పాతిక జౌళ్లకు పైగానే తంతుంది. అదే బరువున్న .22 అర జౌలు కూడా తన్నదు. .315 తన్నుడు కూడా .30-06 పక్కనే ఉంటుంది గానీ .22 పక్కన కాదు. ట్రిగ్గర్ నొక్కే ముందే కన్ను మూసుకోవడం, భుజం ముందుకు తొయ్యడం అన్నవి .22తో పుట్టవు, .22తో పోవు. వెయ్యి .22లు కాల్చి మ్యాచ్‌కెళ్లి మొదటి రౌండే మట్టిలో కొట్టినవాళ్లని మీరూ నేనూ ఇద్దరం చూశాం మాష్టారూ.

కృష్ణలంక_మాష్టారు
అందుకే డ్రై ఫైర్ అన్నది. ఒక అసలు రౌండ్‌కి నాలుగు ఖాళీ క్లిక్కులు.

తెనాలి_వాసి
డ్రై ఫైర్ చేస్తే ఫైరింగ్ పిన్ విరుగుతుంది కదండీ?

కృష్ణలంక_మాష్టారు
.22లో ప్రమాదమే. దాని పిన్ తూటా అంచు మీద కొడుతుంది. తూటా లేకపోతే చాంబర్ అంచుకే తగిలి అక్కడ సొట్ట పడుతుంది, తర్వాత కేసు (తూటా ఇత్తడి గొట్టం) బయటికి రాదు. కాబట్టి .22లో స్నాప్ క్యాప్ (పిన్ దెబ్బ తినే డమ్మీ తూటా) లేకుండా వద్దు. .315 సెంటర్ ఫైర్, పిన్ తూటా మధ్యలో కొడుతుంది. తూటా లేకపోతే ఖాళీలోకి పోతుంది, ఏమీ కాదు.

గుంటూరు_కారం
‘ఏమీ కాదు’ అనకండి. పాత రైఫిల్ స్ప్రింగు మాటేమిటి?

కృష్ణలంక_మాష్టారు
తూటా కాల్చినా స్ప్రింగు అంతే పనిచేస్తుంది, క్లిక్‌కీ అంతే పనిచేస్తుంది.

గుంటూరు_కారం
క్లిక్‌కి ప్రైమర్ (పిన్ తగిలి నిప్పు పుట్టే తూటా వెనక బిళ్ల) మెత్తదనం లేదు. పిన్ ఆగేది బోల్ట్ లోపలి మెట్టు మీద, ఇనుము మీద ఇనుము. సెంటర్ ఫైర్‌కైనా స్నాప్ క్యాప్ పెట్టమనండి. విరిగే పిన్ ఏమన్నా మీ సొత్తా?

తెనాలి_వాసి
పిన్ గురించే ఐదు పోస్టులు... అడిగింది ఖర్చు గురించండీ 🙏

పటమట_రవి
అమెరికాలో మా తమ్ముడు ఇంట్లోనే రీలోడ్ చేస్తాడు. ఖాళీ కేసు ఏరుకుంటాడు, ప్రైమర్, పౌడర్, గుండు కొనుక్కుంటాడు, సగానికి సగం మిగులు. మనం చేస్తే తప్పేంటి?

కృష్ణలంక_మాష్టారు
తప్పు ఏంటంటే ఆయుధాల చట్టం, 1959, సెక్షన్ 5. లైసెన్సు లేకుండా తుపాకీ గానీ తూటా గానీ తయారుచెయ్యకూడదు. పౌడర్‌కి పేలుడు పదార్థాల చట్టం వేరే. ఇంట్లో బల్ల మీద పెట్టుకుని చేసే పని కాదు. పైగా మిగులు ఎక్కడొస్తుందో మీ తమ్ముణ్ణి అడగండి. రీలోడింగ్‌లో ఖరీదైన వస్తువు ఇత్తడి కేసు, అది పలుసార్లు వాడగలిగితేనే లాభం. బెర్డాన్ ప్రైమర్ కేసులో అయితే లోపల రెండు చిన్న రంధ్రాలు, మధ్యలో ఇత్తడి ముల్లు. మామూలు పనిముట్టుతో ఆ పాత ప్రైమర్ బయటికి రాదు. అక్కడే లెక్క తిరగబడుతుంది.

పటమట_రవి
సరే, పోనీ పాత స్టాకు చవగ్గా వస్తే?

గుంటూరు_కారం
ఎంత పాతది? పాత ప్రైమర్లలో పొటాషియం క్లోరేట్ ఉండేది. అది మండాక బ్యారెల్‌లో మిగిలేది ఉప్పు. కృష్ణాతీరం తేమకి మర్నాటికల్లా తుప్పు ఎక్కుతుంది. నూనె ఉప్పుని కరిగించదు. ముందు వేడి నీళ్లతో కడిగి, ఆరబెట్టి, తర్వాతే నూనె. ఇంకోటి, ట్రిగ్గర్ నొక్కాక చప్పుడు రాకపోతే బోల్ట్ లాగెయ్యొద్దు. మూతి టార్గెట్ వైపే ఉంచి 30 సెకన్లు ఆగండి. మెత్తటి ‘టప్’ అని వస్తే ఇంకో రౌండ్ పెట్టొద్దు, గుండు బ్యారెల్‌లోనే ఇరుక్కుని ఉండొచ్చు. రౌండ్‌కి మిగిలేది పది రూపాయలు, బ్యారెల్ ఖరీదు మీకు తెలుసు.

మే నెలలో బెజవాడ ఎండకి కారు డిక్కీలో తూటాలు పెట్టి వచ్చేవాళ్లని కూడా చూస్తున్నా. వేడెక్కిన పౌడర్ ఒత్తిడి పెంచుతుంది, గుండు పైకి పోతుంది. ఆ రోజు జీరో మార్చుకుంటారు, సాయంత్రం చల్లబడ్డాక మళ్లీ మార్చుకుంటారు. అదీ ఖర్చే.

బెంజిసర్కిల్_కుర్రాడు
ఇదంతా బావుంది. కానీ మాష్టారూ, మీరు ‘.22తో’ అన్నప్పుడల్లా నాకు ఒకటే అనుమానం. నా దగ్గర .22 లేదు.

గుంటూరు_కారం
అద్గదీ! అదే నేనడగాల్సింది. .22 ఉన్నవాడికే .22 చవక. లేనివాడికి ముందు రైఫిల్ ధర, లైసెన్సు తిరుగుడు, తర్వాత తూటాల ధర. ఇంత లెక్క చెప్పిన మనిషి ఇది ఎందుకు కలపలేదు? 2019 సవరణతో తుపాకులు రెండుకే పరిమితం. .315 ఒకటి, ఇంటి వారసత్వపు డబుల్ బ్యారెల్ ఒకటి ఉన్నవాడు .22 ఎక్కడ పెట్టుకోవాలి?

కృష్ణలంక_మాష్టారు
చట్టం పూర్తిగా చదివి రాయండి. సెక్షన్ 3(3) ప్రకారం కేంద్రం గుర్తించిన రైఫిల్ క్లబ్ సభ్యుడు టార్గెట్ ప్రాక్టీసుకి వాడే .22, ఎయిర్ రైఫిల్ ఆ లెక్కలోకి రావు.

గుంటూరు_కారం
క్లబ్ గుర్తింపు ఉంటే! లేనిచోట? అదీగాక చట్టం ఒప్పుకున్నంత మాత్రాన డబ్బు ఎక్కణ్ణించి వస్తుంది? అసలు విషయం చెప్పమంటారా? మన దగ్గర క్లబ్ .22 రెండే ఉన్నాయి. రిజిస్టర్ తెరిచి చూడండి, ఆదివారం ఉదయం ఆరు నుంచి తొమ్మిది దాకా ఎవరి పేరు?

కృష్ణలంక_మాష్టారు
పిల్లలకి నేర్పడానికి నేను నిలబడతాను, కాల్చడానికి కాదు. మీ మాట వక్రంగా ఉంది. దీపావళికి వచ్చిన .315 తూటాల లాటు తలా ఇరవై అని పంచారు. మూడు నెలలుగా రేంజ్ మొహం చూడనివాళ్లకీ ఇరవయ్యే, వారం వారం వచ్చేవాడికీ ఇరవయ్యే. దాని మీద ఎవరైనా నోరెత్తారా? నేను పిల్లలకి .22 నేర్పితే తప్పొచ్చిందా?

గుంటూరు_కారం
ఇదిగో, మొదటి పోస్టులోనే ఈ మాట అనుండాల్సింది. మీకు లాటు పంపకం మీద కోపం, అది డ్రై ఫైర్ సలహాగా వచ్చింది. నాకూ కోపమే, దాచను. కానీ ఆ ఇరవై తక్కువన్నవాళ్లెవరూ ఒకే లాటు నంబరు (ఒకే విడతలో తయారైనవి) ఉంచమని అడగలేదు. రెండు లాట్లు కలిపి పంచారు, డబ్బాల మీద నంబర్లు వేరు. లాటు మారితే గుండు చోటు మారుతుంది. అందరూ మళ్లీ జీరో చేసుకున్నారు, తలా ఐదు పోయాయి. పంపకం అన్యాయం కంటే అదే పెద్ద నష్టం.

కృష్ణలంక_మాష్టారు
లాట్ల సంగతి... అది నిజమే.

తెనాలి_వాసి
స్క్రీన్‌షాట్ తీసుకున్నా 😄

బెంజిసర్కిల్_కుర్రాడు
మీరిద్దరూ కలిసి చెప్పండి. నా చేతిలో ఒకే లాటు ఇరవై ఉన్నాయి. నాలుగు వారాలు. ఎలా ఖర్చు పెట్టను?

గుంటూరు_కారం
మొదటి వారం ఐదు, జీరో సరిచూడ్డానికి. రెండు, మూడు వారాలు మ్యాగజైన్ పక్కవాడి చేతికివ్వండి. మూడు అసలు తూటాలు, రెండు డమ్మీలు, వరస మీకు తెలియకుండా నింపమనండి. డమ్మీ దగ్గర క్లిక్‌మన్నప్పుడు మూతి కిందకి వంగితే మీరు ముందే జంకుతున్నట్టు. వారానికి ఒక మ్యాగజైనే, రెండు వారాలకి ఆరు రౌండ్లు. మిగిలిన తొమ్మిదీ నాలుగో వారం మ్యాచ్ పద్ధతిలో, గడియారం పెట్టుకుని. ప్రతి రౌండ్ తర్వాత కాగితం చూడకముందే ఎక్కడ పడిందో నోటితో చెప్పండి.

కృష్ణలంక_మాష్టారు
తొమ్మిది కాదు, ఎనిమిది. ఒకటి సెలెక్షన్ ముందురోజు ఉంచుకోండి. చల్లటి, శుభ్రం చేసిన బ్యారెల్‌లోంచి మొదటి గుండు ఎక్కడ పడుతుందో తెలియకుండా పోకూడదు. మిగతా రోజులు ఇంట్లో స్నాప్ క్యాప్‌తో ఇరవై క్లిక్కులు, గోడ మీద చుక్క పెట్టుకుని. గదిలో తూటా అన్నది ఉండకూడదు.

గుంటూరు_కారం
స్నాప్ క్యాప్ అన్నారు. రాసుకోండి అందరూ.

బెంజిసర్కిల్_కుర్రాడు
థాంక్స్ అండీ. ఈ ఆదివారం ఆరింటికి .22 లేన్ ఒకటి దొరుకుతుందా?

గుంటూరు_కారం
మాష్టారినే అడగండి.