టుడే మార్నింగ్, సిన్స్ త్రీ డేస్: ఆఫీసు మెయిల్లో ఎలా రాయాలి?

ప్రశ్న:
"ఐ సెంట్ ద ఫైల్ టుడే మార్నింగ్", "ఐ యామ్ వెయిటింగ్ సిన్స్ త్రీ డేస్" అని రాస్తే తప్పంటున్నారు. టుమారో మార్నింగ్, సిన్స్ మండే మాత్రం సరేనట. తేడా ఎక్కడుంది? ఆన్ ఎక్కడ పెట్టాలో, ఎక్కడ అక్కర్లేదో కూడా చెప్పండి.

జవాబు 1:
"ఈరోజు పొద్దున"ని మాటకు మాట పెడితే టుడే మార్నింగ్ వస్తుంది. అర్థం కాకపోదు, మన దగ్గర అందరూ అనేదే. బ్రిటన్, అమెరికా వాళ్లకే ఎబ్బెట్టుగా ఉంటుంది. ఇవాళ్టి పూటలకు దిస్ మార్నింగ్, దిస్ ఆఫ్టర్‌నూన్, దిస్ ఈవెనింగ్, రాత్రికి టునైట్. యస్టర్‌డే మార్నింగ్, యస్టర్‌డే ఈవెనింగ్ సరే, మెలిక అంతా నిన్న రాత్రి దగ్గరే: లాస్ట్ నైట్. రేపటితో పేచీ లేదు, టుమారో నైట్ కూడా ఒప్పే.

జవాబు 2:
సిన్స్ గొడవకు మూలం మన "నుంచి". సోమవారం నుంచి అన్నా, మూడు రోజుల నుంచి అన్నా మనకు ఒకటే మాట. ఇంగ్లీషులో మొదలైన రోజు చెబితే సిన్స్, ఎన్నాళ్లో లెక్క చెబితే ఫర్. క్రియ కూడా మారాలి, చాలామంది వదిలేసేది అదే: "ఐ హ్యావ్ బీన్ వెయిటింగ్ ఫర్ త్రీ డేస్". "ఐ యామ్ వెయిటింగ్ సిన్స్ మండే"లో సిన్స్ బాగానే ఉంది, యామ్ తప్పు.

"రెండు రోజుల ముందు" కూడా ఇలాగే ముంచుతుంది. బిఫోర్ టూ డేస్ కాదు. ఇవాళ్టి నుంచి వెనక్కి లెక్కపెడితే టూ డేస్ ఎగో. పరీక్షకు ముందు అనాలంటే టూ డేస్ బిఫోర్ ద ఎగ్జామ్.

జవాబు 3:
వారం పేరుకీ తేదీకీ ముందు ఆన్. ఉత్త పొద్దున అయితే ఇన్ ద మార్నింగ్, వారం చేరితే ఆన్ మండే మార్నింగ్. లాస్ట్, నెక్స్ట్, దిస్, ఎవ్రీ వస్తే ఆన్ తీసేయండి.

గడువులు రాసేటప్పుడు "శుక్రవారం కల్లా"కి బై ఫ్రైడే, "శుక్రవారం దాకా"కి అంటిల్ ఫ్రైడే. "ఐ విల్ ఫినిష్ ఇట్ అంటిల్ ఫ్రైడే" కుదరదు, అక్కడ బై పడాలి. "ఆన్ లీవ్ అంటిల్ ఫ్రైడే" అంటే శుక్రవారం వస్తారో రారో తేలదు. "బ్యాక్ ఆన్ మండే" అని చేర్చండి.

జవాబు 1 (మళ్లీ):
నెక్స్ట్ ఫ్రైడేతో జాగ్రత్త. బుధవారం నాడు ఆ మాట అంటే కొందరికి ఎల్లుండి, కొందరికి పై వారం. తేదీ వేసేయండి, అదీ నెల పేరు అక్షరాల్లో. 5/6 అంటే మనకు జూన్ 5, అమెరికా వాళ్లకు మే 6.