విజయవాడ ఇంటర్ పిల్లల ప్రేమ నవల: ఏది ముట్టుకోకూడదు, ఏది ముందు మార్చాలి?

పటమట_పుస్తకాలు

పదహారు నుంచి పద్దెనిమిదేళ్ల పిల్లలు చదివే ప్రేమ నవల ఒకటి రాతప్రతిగా నా దగ్గరుంది. రచయిత్రికి ఇదే మొదటి నవల. నేను ఎడిటింగ్ నోట్ పంపాలి. వచ్చే జనవరి పుస్తక మహోత్సవానికి పుస్తకం బయటికి రావాలని ఆవిడ కోరిక.

వివరాలివి. 42 అధ్యాయాలు, దాదాపు 60,000 పదాలు. మేఘన బైపీసీ సెకండియర్, ఊరు తెనాలి, బెంజ్ సర్కిల్ దగ్గర ఓ రెసిడెన్షియల్ కాలేజీ హాస్టల్లో ఉంటుంది. సాయికిరణ్ అదే కాలేజీలో ఎంపీసీ, డేస్కాలర్, ఇల్లు కృష్ణలంక. వాళ్ల నాన్నకి బీసెంట్ రోడ్డులో చిన్న బట్టల కొట్టు. ఒక అధ్యాయం ఆ అమ్మాయి, ఒక అధ్యాయం ఆ అబ్బాయి "నేను" అంటూ చెప్తారు. కథ జూన్‌లో మొదలై మేలో ముగుస్తుంది. 20వ అధ్యాయంలో మేఘన ఎవరితోనో బేకరీ ముందు నవ్వుతూ మాట్లాడటం సాయి చూస్తాడు. అతను ఆమె బావ. అక్కణ్ణుంచి 31 దాకా ఇద్దరికీ మాటల్లేవు. 38లో సాయికి బైక్ యాక్సిడెంట్. ఆస్పత్రిలో కలుస్తారు. చివరికి మేఘనకి మెడికల్ సీటు, రెండిళ్లూ సరే అంటాయి.

నాకు నచ్చినవి: హాస్టల్ జీవితం, మేఘన గొంతు, వాళ్ల నాన్న పాత్ర. నచ్చనిది: రెండో సగం సాగదీత. బాగున్నవి చెడకుండా ఏ వరసలో సరిచేయించాలో చెప్పగలరా?

కథాశిల్పం_ఎడిటర్

పటమట గారూ, నోట్‌లో మొదటి పేజీ మొత్తం బలాలకే ఇవ్వండి. మర్యాద కోసం అనడం లేదు. మొదటి నవల రాసినవాళ్లు దిద్దుబాటుకి కూర్చుని అన్నిటికన్నా ముందు మంచి పేజీలనే కొట్టేస్తారు. "హాస్టల్ బాగుంది" అంటే ఆవిడకి ఏం తెలియదు. వార్డెన్ ఫోను దగ్గర లైనుందా, మనిషికి ఇన్ని నిమిషాలని లెక్కుందా, ఆదివారం గేటు దగ్గర అమ్మానాన్నలు క్యారేజీలతో నిలబడతారా, వీకెండ్ టెస్టు మార్కులు గోడకి అంటిస్తారా, అలాంటి చోట్లు పేజీ నంబర్లతో సహా రాయండి. పక్కన "ఇవి ముట్టుకోవద్దు" అని పెట్టండి.

ఇక జబ్బు. 20 నుంచి 31 దాకా నడిచేది ఒక్క ప్రశ్నతో తేలిపోయే గొడవ. "ఆ అబ్బాయెవరు?" "మా బావ." అయిపోయింది. అలాంటి అపార్థం ఒక అధ్యాయం మోస్తుంది, బలవంతాన రెండు. పదకొండు మోయదు. ఆ గొడవ మొదలైన మూడో అధ్యాయం కల్లా పాఠకుడికి సాయి మీద జాలి పోయి చిరాకు వస్తుంది, ఆ చిరాకు రచయిత్రి మీదకి మళ్లుతుంది.

ఎక్కడ కోయాలో తెలియడానికి ఓ పని చేయించండి. 42 అధ్యాయాలకీ ఒక్కో వాక్యం రాయమనండి: "ఈ అధ్యాయంలో ఫలానావాళ్లు ఫలానా నిర్ణయం తీసుకున్నారు." ఆ వాక్యం రాయలేని అధ్యాయం పక్కన సున్నా చుట్టాలి. సున్నాలు వరసగా మూడు వస్తే కథ అక్కడ ఆగిపోయినట్టే. మీరిచ్చిన సారాంశాన్ని బట్టి 22-30 మధ్య చాలా సున్నాలు వస్తాయి. అంతకన్నా పెద్ద చిక్కు 38 తర్వాతిది. యాక్సిడెంట్ వాళ్లని కలిపింది, సీటు పెద్దల్ని ఒప్పించింది. మేఘన స్వయంగా ఏం చేసింది? అంత మంచి గొంతున్న అమ్మాయి తన ప్రేమకథలో చివరి అధ్యాయాలన్నీ ఊరికే చూస్తూ కూర్చుంటోంది. ఈ నవలకి అసలు బలహీనత ఇదే అంటాను. సాగదీత దాని లక్షణం మాత్రమే.

గవర్నర్‌పేట_ప్రూఫ్

ఎడిటర్ గారి మాటతో ఏకీభవిస్తూ, నేను ఊరు, క్యాలెండర్ సంగతి చెప్తాను. విజయవాడ, గుంటూరు పాఠకులు ఇలాంటి పుస్తకంలో మొదట పట్టుకునేవి ఇవే. ఒక తప్పు దొరికిందంటే మిగతా పుస్తకాన్ని అనుమానంగా చదువుతారు.

ఇద్దరూ కారిడార్‌లో రోజూ ఎదురుపడినట్టు ఉందా? ఉంటే నమ్మరు. ఇక్కడి రెసిడెన్షియల్ కాలేజీల్లో అమ్మాయిల క్యాంపస్, అబ్బాయిల క్యాంపస్ వేరువేరుగా ఉండటమే మామూలు. బైపీసీ, ఎంపీసీ ఒకే గదిలో కూర్చోవు. పైగా హాస్టల్ పిల్లల చేతిలో ఫోనుండదు. ఇది కథకి వరం. కలవడమే కష్టమైతే కలిసిన ప్రతిసారీ విలువ వస్తుంది. మొత్తం నవలలో ఇద్దరూ ఎదురెదురుగా ఉండే సన్నివేశాలు పది పన్నెండు చాలు. ప్రతిదానికీ చోటు, కారణం, ఎంతసేపు అన్నది ముందే నిర్ణయించుకోమనండి.

మొదటి పరిచయానికి దసరా పనికొస్తుంది. నవరాత్రుల్లో మూలా నక్షత్రం రోజున ఇంద్రకీలాద్రి మీద అమ్మవారికి సరస్వతీదేవి అలంకారం చేస్తారు. చదువుకునే పిల్లల్ని వెంటబెట్టుకుని జనం విపరీతంగా వచ్చే రోజది. సెలవులకి తీసుకెళ్లడానికి వచ్చిన నాన్నతో మేఘన, కొట్టు మూసి వచ్చిన నాన్నతో సాయి ఒకే క్యూలో గంటలకొద్దీ నిలబడొచ్చు. నాన్నలు పక్కనే ఉండగా జరిగే పరిచయం కాబట్టి ఒక్కో మాటా ఆచితూచి పడుతుంది. కానీ అప్పటికి కథ మొదలై మూడు నాలుగు నెలలు అవుతుంది. పరిచయం మొదటి పది శాతంలో, అంటే 6,000 పదాల లోపు రావాలి కాబట్టి జూన్ నుంచి కాకుండా దసరా ముందు వారం నుంచి కథ ఎత్తుకోవడం నయం.

కొత్తవాళ్ల రాతల్లో తరచూ దొర్లేవి మూడు. సరస్వతి అలంకారాన్ని డిసెంబర్లో పెట్టేస్తారు. డిసెంబర్లో కొండకి ఎర్ర బట్టల్లో వచ్చేది అమ్మవారి దీక్ష విరమించే భవానీలు. రెండోది, విజయవాడ నుంచి నేరుగా తెనాలి వెళ్లే రైలుని మంగళగిరిలో ఆపుతారు. మంగళగిరి గుంటూరు లైను మీద ఉంది. తెనాలి లైను కృష్ణా కెనాల్ జంక్షన్ దగ్గర విడిపోయి దుగ్గిరాల మీదుగా పోతుంది. మూడోది, మార్చిలో ప్రకాశం బ్యారేజీ కింద నీళ్లు హోరెత్తిస్తారు. వానాకాలంలో ఎగువ నుంచి వరద వచ్చి గేట్లు ఎత్తితేనే ఆ హోరు. ఎండలు ముదిరే వేళకి పైన నీళ్లు నిలిచి ఉంటాయి, దిగువన చాలామేర ఇసుకే. పరీక్షల ముందు ఇద్దరూ విడిపోయే సన్నివేశం ఉంటే ఆ ఇసుకనే వాడుకోమనండి.

బ్రోడీపేట_లైబ్రరీ

సాయి ఆమె వెనక బస్సెక్కడం, హాస్టల్ గేటు ఎదురుగా రోజూ నిలబడటం, వద్దన్నా చీటీలు పంపడం లాంటివి ఉంటే వాటి సంగతి ముందు చూడండి. ఉన్నాయా? పాత సీరియళ్లలో అది ప్రేమకి రుజువుగా చెల్లింది. 2013లో శిక్షాస్మృతిలో 354డి కింద దాన్ని నేరంగా చేర్చారు, ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 78వ సెక్షన్. చట్టం సంగతి అలా ఉంచినా, ఇవాళ పదహారేళ్ల ఆడపిల్ల ఆ పేజీ చదివితే భయపడుతుంది. ఆ తర్వాత సాయి ఎంత మంచివాడైనా ఆమె నమ్మదు.

పటమట_పుస్తకాలు

అందరికీ ధన్యవాదాలండీ. లైబ్రరీ గారూ, ఉంది, రెండు చోట్ల. సాయి 9వ అధ్యాయంలో తెనాలి దాకా అదే రైల్లో వస్తాడు, ఆమెకి తెలియకుండా.

రచయిత్రితో ఫోన్లో మాట్లాడాను. ఆవిడ ప్రశ్న ఇది: "అపార్థం తీసేస్తే అడ్డంకి ఏముంటుంది? ఇద్దరూ మంచివాళ్లే, నాన్నలూ మంచివాళ్లే. విలన్‌ని పెట్టడం నాకిష్టం లేదు." ఆ మాట నాకు న్యాయంగానే అనిపించింది. ఇంకోటి, ఇద్దరి గొంతులూ ఒకేలా ఉన్నాయని ఇంకో పాఠకురాలు అన్నారట.

కథాశిల్పం_ఎడిటర్

విలన్ వద్దనడం మంచి నిర్ణయం, ఆ మాట మీద ఆవిణ్ణి నిలబడమనండి. అడ్డంకి ఆవిడ చేతిలోనే ఉంది, దాని పేరు క్యాలెండర్. సాయికి జనవరిలో జేఈఈ మెయిన్ మొదటి విడత, ఏప్రిల్లో రెండోది. ఇద్దరికీ ఫిబ్రవరి, మార్చి నెలల్లో ప్రాక్టికల్స్, పబ్లిక్ పరీక్షలు. మేఘనకి మే మొదట్లో నీట్, 720 మార్కులకి. ఇద్దరి పరీక్షలూ ఒకేసారి ముగియవు. ఒకరు ఊపిరి పీల్చుకునే వేళకి ఇంకొకరు మునిగి ఉంటారు.

ఇప్పుడు 20వ అధ్యాయంలో బేకరీ తీసేసి ఇలా పెట్టి చూడమనండి. వరసగా వీకెండ్ టెస్టుల్లో మేఘన మార్కులు తగ్గుతాయి. సెక్షన్ మారుస్తారు. ఆమె సాయికి సూటిగా చెప్తుంది: "నీట్ అయ్యేదాకా మాట్లాడుకోవద్దు." అతను కాదంటాడు. కాదనడానికి అతని కారణం అతనికి ఉండాలి. వాళ్ల కొట్టు నడవక, మెయిన్‌లో ర్యాంకు రాకపోతే చదువు మాన్పించి గల్లాపెట్టె దగ్గర కూర్చోబెడతారేమోనన్న భయం ఉందనుకోండి, ఆ భయం చెప్పుకోవడానికి అతనికున్నది ఆమె ఒక్కతే. ఇద్దరూ నిజమే చెప్పారు. ఇద్దరి మాటా సబబే. అయినా గొడవ తెగదు. అలాంటి గొడవ ఎనిమిది అధ్యాయాలు లాగినా పాఠకుడు విసుక్కోడు.

రైలు సన్నివేశం తీసేయక్కర్లేదు, తిప్పితే చాలు. ఆమె తనే "ఆదివారం తెనాలి ప్యాసింజర్లో వెళ్తున్నా" అని చెప్పాలి. అతను రావాలా వద్దా అన్నది ఆమె మాట మీద ఆధారపడాలి. దుగ్గిరాలలో దిగి వెనక్కి వెళ్లిపోమని ఆమె అంటే అతను దిగిపోవాలి. అతని మంచితనానికి అంతకన్నా రుజువు అక్కర్లేదు.

యాక్సిడెంట్ మాత్రం పూర్తిగా తీసేయించండి. దెబ్బ తగిలితే ఎవరైనా చూడటానికి వెళ్తారు, అందులో ప్రేమ ఏమీ తేలదు.

తెనాలి_వాణి

గొంతుల సంగతికి వస్తాను. ముందు ఒక పరీక్ష: ఇద్దరి అధ్యాయాల నుంచి ఐదేసి పేరాలు తీసుకుని, పేర్లు, ఊళ్లు, సబ్జెక్టులు చెరిపేసి, నవల చదవని నలుగురికి ఇవ్వండి. ఏది ఎవరిదో చెప్పలేకపోతే ఆ పాఠకురాలి మాట నిజం.

చాలామంది అబ్బాయి గొంతుకి యాస తగిలించి ఊరుకుంటారు, అది రెండు పేజీలకి మించి నిలవదు. తేడా గమనింపులో రావాలి. బట్టల కొట్టులో పెరిగిన కుర్రాడు గదిలోకి రాగానే ఎవరి చొక్కా ఏ రకం గుడ్డో, ఎవరు బేరమాడే మనిషో చూస్తాడు, డబ్బు లెక్క వేస్తాడు. హాస్టల్ పిల్ల టైము లెక్క వేస్తుంది: బెల్లు, స్టడీ అవర్, ఔటింగ్‌కి ఇంకా ఎన్ని రోజులు. ఒకే సంఘటనని ఆ రెండు లెక్కల్లోంచి రాస్తే పేరు చెప్పకుండానే తెలిసిపోతుంది. అయినా కుదరకపోతే సాయి అధ్యాయాల్ని "అతను" అంటూ రాయించండి. మేఘన గొంతు నవలకి ఉన్న పెద్ద ఆస్తి కాబట్టి "నేను" ఆమె ఒక్కదానికే ఉన్నా నష్టం లేదు.

సంభాషణలు పైకి చదివించండి. ఆ వయసు పిల్లలు "నేను నిన్ను ప్రేమిస్తున్నాను" అని పూర్తి వాక్యంలో అనరు. అమ్మాయిల మధ్య "ఒసేయ్", "ఏమే" ఉండాలి, సీనియర్‌ని "అక్కా" అనాలి, లెక్చరర్‌ని "సర్", వార్డెన్‌ని "మేడమ్". అబ్బాయి, అమ్మాయి మొదట్లో ఒకర్నొకరు పేరు పెట్టి పిలవడానికే మొహమాటపడతారు. మొదటిసారి పేరు పెట్టి పిలిచిన చోటు ఒక సంఘటన కావాలి.

బ్రోడీపేట_లైబ్రరీ

ముగింపు గురించి ఎవరూ అనలేదు కాబట్టి చెప్తున్నా. "రెండిళ్లూ సరే అంటాయి" అన్నది ఈ ఊళ్లో అంత తేలిగ్గా జరగదని చదివే పిల్లలకి తెలుసు. పెద్దవాళ్లు అడిగే మొదటి మాట "ఇంటిపేరేంటమ్మా?" ఎందుకడిగారో అందరికీ తెలుసు. నవలలో ఆ ప్రశ్న ఎక్కడా లేకపోతే కులం ఊసెత్తడానికి రచయిత్రి వెనకాడారని అర్థమవుతుంది. ఉపన్యాసం వద్దు, దెబ్బలాటా వద్దు. ఆ దసరా క్యూలోనే మేఘన వాళ్ల నాన్న సాయిని ఆప్యాయంగా ఆ ఒక్క ప్రశ్న అడగాలి, జవాబు విని మాట మార్చాలి. ఆయన మంచివాడే. ఆ మంచితనానికి హద్దు ఎక్కడుందో కూడా కూతురు అప్పుడే చూస్తుంది. మీరు మెచ్చుకున్న నాన్న పాత్ర దీంతో ఇంకా గట్టిపడుతుంది.

మెడికల్ సీటు కూడా తీసేయించమంటాను. సీటు వచ్చింది కాబట్టి ప్రేమించినా తప్పు లేదన్నట్టు తయారవుతోంది. సీటు రాని పిల్ల ఈ పుస్తకం చదివితే ఏమనుకోవాలి? ఫలితాలు రాకముందే ఆపండి. పదిహేడు, పద్దెనిమిదేళ్లకి పెళ్లి మాటలూ ఇళ్ల అంగీకారాలూ అక్కర్లేదు. వాళ్లు ఒకరికొకరు ఏం మాట ఇచ్చుకున్నారో తేలితే చాలు.

గవర్నర్‌పేట_ప్రూఫ్

పని వరస ఇలా పెట్టుకోండి: ముందు 20-31, ఆ తర్వాత 38 నుంచి చివరిదాకా, ఆ తర్వాతే మొదటి మూడు అధ్యాయాలు. మొదలు ముందు దిద్దితే ముగింపు మారాక మళ్లీ దిద్దాలి. గొంతుల పని నాలుగోది. ఊరి వివరాలు, అచ్చుతప్పులు ఆఖరున.

కోతలయ్యాక 48,000-50,000 పదాల మధ్య తేలుతుందనుకుంటున్నా. డెమ్మీ 1/8 సైజులో పేజీకి 220 పదాల లెక్కన దాదాపు 225 పేజీలు. అచ్చులో ఒక ఫారానికి (ఒకేసారి అచ్చయ్యే పేజీల కట్ట) 16 పేజీలు కాబట్టి 14 ఫారాలు, అంటే 224కి సర్దొచ్చు. 60,000 పదాలైతే 272 దాటుతుంది, ధర పెరుగుతుంది, ఈ వయసువాళ్లు కొనాల్సిన పుస్తకానికి అది మంచిది కాదు.

రాతప్రతి యూనికోడ్‌లో ఉంటే, ప్రెస్సులో అను ఫాంటుకి (డీటీపీలో వాడే, యూనికోడ్ కాని తెలుగు ఫాంటు) మార్చాక ఒత్తులు, అరసున్నాలు, అంకెలు ఇంకోసారి చూసుకోండి. ఆ మార్పిడిలో అక్షరాలు ఎగిరిపోతుంటాయి. జనవరి మహోత్సవం అంటున్నారు కాబట్టి చివరి ప్రూఫ్ నవంబర్ నెలాఖరుకి ప్రెస్సులో ఉండాలి. డిసెంబర్లో అందరూ అదే పని మీద ఉంటారు, బైండింగ్ దగ్గర ఆగిపోతుంది. అప్పటికి రెండో సగం కుదరకపోతే ఈ జనవరి వదిలేయమని ఆవిడకి ఇప్పుడే చెప్పండి.